మూగ పెట్టె తరఫున మాట్లాడేదెవరు?

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

‘ప్రాక్సీ’ అనే మాట వినగానే మన విద్యార్థి లోకానికి ముందుగా గుర్తొచ్చేది హాజరు పట్టిక. రాని మిత్రుడి తరఫున వెనక బెంచీలోంచి గొంతు మార్చి ‘ప్రజెంట్ సార్’ అనడం ఒక కళగా వర్ధిల్లుతున్న సంగతి మన అధ్యాపకులకు తెలియనిది కాదు. అయితే ఈ మాటకు ఇంతకన్న గౌరవమైన అర్థం ఇంకొకటి ఉంది. కోర్టులో కక్షిదారు తరఫున వకీలు వకాల్తా పుచ్చుకున్నట్టు, తనంత తాను మాట్లాడలేని యంత్రం తరఫున ఇంకొక యంత్రం మాట్లాడడాన్ని నెట్‌వర్కు శాస్త్రంలో ప్రాక్సీ అనే అంటారు. అట్లా మాట్లాడేదానికి ప్రాక్సీ ఏజెంటు అని పేరు. ఈ వ్యాసం ఆ ఏజెంటు గురించి.

ఇదేదో కంప్యూటరు సైన్సు వాళ్ళ సొంత గొడవ అని పేజీ తిప్పేయవద్దని పాఠక మిత్రులకు మనవి. ‘నెట్ లేదు, రేపు రాండ్రి’ అనే మాట మనలో ప్రతివాడూ ఏదో ఒక కిటికీ ముందు విన్నవాడే. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆదాయ సర్టిఫికెట్టు కోసం మా నాయిన ఒక ఆఫీసుకు మూడు రోజులు తిరిగిండు. కంది చేన్లో పురుగు మందు కొట్టాల్సిన అదను అది. మూడు రోజులూ జవాబు ఒక్కటే: నెట్ లేదు. ఎందుకు లేదు, ఎప్పటినుంచి లేదు, ఎప్పుడు వస్తుంది అని అడిగితే చెప్పగలిగినవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. తప్పు అక్కడ కూర్చున్న మనిషిది కాదు. అతనికి చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు. గోడమీది పెట్టె మూగది. నా బాధంతా ఆ మూగతనం గురించే.

మూగ పెట్టె సంగతి

హబ్బు చాలా అమాయకమైన వస్తువు. ఒక తీగమీద వచ్చిన సంకేతాన్ని మిగతా తీగలన్నిటి మీదా మళ్ళీ పలికించడమే దాని పని. ఊళ్ళో దండోరా వేసినట్టన్నమాట. కబురు ఎవరికో దానికి పట్టదు, అందరికీ వినిపిస్తుంది. 1990లో జంట తీగలమీద ఈథర్‌నెట్ నడిపే 10బేస్-టి ప్రమాణం వచ్చిన తరువాత ఆఫీసుల్లో, కళాశాలల్లో హబ్బులు బాగా వ్యాపించాయి. పోను పోను వాటి స్థానంలోకి స్విచ్చీలు వచ్చాయి. స్విచ్చి కాస్త తెలివైంది. ఏ కబురు ఎవరిదో చూసి వాళ్ళకే పంపుతుంది. అయినా చౌక రకం స్విచ్చి ఒక్క విషయంలో హబ్బుకు తోడబుట్టిందే. తన బాగోగులు తాను చెప్పుకోలేదు. దానికి సొంత చిరునామా లేదు, అడిగితే పలికే నోరు లేదు. ఉన్నదల్లా మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు. ఆ దీపాలు చూడాలంటే ఒక మనిషి వెళ్ళి దాని ముందు నిలబడాలి.

పెట్టె ఒకటైతే నిలబడవచ్చు. పదుల సంఖ్యలో, పది చోట్ల, తాళం వేసిన గదుల్లో ఉంటే ఎవరు నిలబడతారు? అందుచేత జరిగేదేమిటంటే, పెట్టె చచ్చిన సంగతి దాని యజమానికన్న ముందు దాని మీద ఆధారపడినవాడికి తెలుస్తుంది. ఆ ఆధారపడినవాడికేమో ఎవరితో చెప్పుకోవాలో తెలియదు.

అందరికీ తెలిసిన భాష

ఈ చిక్కుకు లోకం ఎప్పుడో ఒక దారి వేసింది. 1988 ఆగస్టులో ఎస్.ఎన్.ఎం.పి. అనే ప్రోటోకాల్‌ను ప్రకటించారు. ‘నెట్‌వర్కును చూసుకునే సులభమైన పద్ధతి’ అని దాని పేరుకు స్థూలంగా అర్థం. కేస్, ఫెడోర్, షాఫ్‌స్టాల్, డేవిన్ అనే నలుగురు దాన్ని రాశారు. 1990 మే నెలలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 1157 దానికి స్థిరమైన రూపం. తమాషా ఏమిటంటే, ఇంతకన్న ఘనమైన పద్ధతి వేరొకటి వచ్చేదాకా తాత్కాలికంగా వాడుకుందామని దీన్ని ఎంచుకున్నారు. ఆ ఘనమైనది ఇంటర్నెట్టులో నిలదొక్కుకోలేదు, తాత్కాలికమనుకున్నది స్థిరపడిపోయింది. సులభమైనదానికి ఉన్న బలం అటువంటిది.

దీని వ్యాకరణం నిజంగానే చిన్నది. అడిగేవాడు మేనేజరు. చెప్పేవాడు ఏజెంటు. మేనేజరు ‘ఇది చెప్పు’ అంటాడు, ‘దీని తరువాతది చెప్పు’ అంటాడు, ‘దీన్ని ఇట్లా మార్చు’ అంటాడు. ఏజెంటు జవాబిస్తుంది. మరీ ముంచుకొస్తే అడగకముందే తానే కేక వేస్తుంది. ఆ కేకకు ట్రాప్ అని పేరు. ప్రశ్నలు 161వ నంబరు ద్వారానికి వస్తాయి, కేకలు 162వ నంబరు ద్వారానికి పోతాయి. ఏమేమి అడగవచ్చునో ఒక పెద్ద పట్టికలో చెట్టు కొమ్మల్లాగా నంబర్లు వేసి రాసిపెట్టారు. ఆ పట్టికను ఎం.ఐ.బి. అంటారు. అందులో 1.3.6.1.2.1.1.3 అంటే ‘నువ్వు లేచి ఎంతసేపయింది?’ అని అర్థం. అమెరికాలో చేసిన పెట్టెను అడిగినా, చైనాలో చేసినదాన్ని అడిగినా, బెంగుళూరులో చేసినదాన్ని అడిగినా అదే నంబరు, అదే అర్థం. 1992లో హబ్బులకు కూడా ఇటువంటి పట్టిక తయారయింది. దాని ప్రకారం ఏ తీగలో ఎన్ని ఢీకొట్టుళ్ళు జరిగాయో దూరాన్నుంచే లెక్క చూడవచ్చు. గోల చేస్తున్న తీగను దూరాన్నుంచే మూసివేయవచ్చు.

ప్రామాణికమైన భాష విలువ రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. తూకాలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. అంతకుముందు శేరుకు ఒక చోట ఒక బరువు, ఇంకొక చోట ఇంకొక బరువు. మానిక, సోలె, తవ్వల సంగతి చెప్పనే వద్దు. కిలో వచ్చిన తరువాత తూకంలో మోసం పూర్తిగా పోయిందని నేననను. కానీ మోసం జరిగిందని రుజువు చేయడానికి రైతు చేతికి ఒక ఆధారం దొరికింది. తాండూరు మార్కెట్టులో దడవాయి చెప్పిన తూకాన్ని బయట ఇంకొక కాంటా మీద సరిచూసుకోవచ్చు. ప్రామాణికం అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే: ఎవరైనా సరిచూడగలగడం.

నోరు లేని వాటి మాటేమిటి?

భాష వచ్చింది సరే, ఆ భాష రాని పెట్టెల గతి ఏమిటి? ఇక్కడే ప్రాక్సీ ఏజెంటు రంగంలోకి వస్తుంది. 1990 నాటి ఆర్.ఎఫ్.సి.లోనే దీని ప్రస్తావన ఉంది. మోడెములు, మల్టీప్లెక్సర్లవంటి సాధనాలు కొన్ని ఈ ప్రోటోకాల్‌కు అందవు గనుక, వాటి తరఫున ఇంకొకరు జవాబు చెప్పవచ్చునని అందులో రాశారు. అంటే నోరున్నవాళ్ళకు భాష తయారు చేసినరోజే నోరులేనివాళ్ళ కోసం ఒక కుర్చీ వేసిపెట్టారన్నమాట. 2002లో ఖరారైన మూడవ కూర్పు ఈ మాట అర్థాన్ని కొంత కుదించి, ఎస్.ఎన్.ఎం.పి. సందేశాలను ఒకచోటినుంచి ఇంకొకచోటికి అందించేదానికే ఆ పేరు ఉంచింది. నేను ఇక్కడ పాత, విశాలమైన అర్థంలోనే వాడుతున్నానని పెద్దలు గమనించగలరు.

ఏజెంటు పనిచేసే తీరు ఇది. దానికి రెండు ముఖాలు. ఒక ముఖం మేనేజరు వైపు. అటు అచ్చమైన ప్రామాణిక భాష మాట్లాడుతుంది. రెండో ముఖం మూగ పెట్టెవైపు. ఇటు ఆ పెట్టెకు అర్థమయ్యే సైగలేవో అవి వాడుతుంది. 1990లలో ఒకదానిమీద ఒకటి పేర్చే హబ్బులు వచ్చాయి. వాటిలో ఒక్కదానికే మేనేజ్‌మెంటు కార్డు తగిలిస్తే చాలు, మొత్తం దొంతి సంగతి అదొక్కటే చెప్పేది. ఖర్చు ఒక కార్డుది, నోరు అన్నిటికీ.

ఏమాత్రం నోరు లేని చౌక స్విచ్చికి కూడా వకాల్తా పుచ్చుకోవచ్చు. దాని పక్కన అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒకటి పెట్టాలి. స్విచ్చికి కరెంటు అందుతున్నదా అని ఒక సెన్సారుతో చూడాలి. స్విచ్చి అవతలి యంత్రాలను పిలిచి పలుకుతున్నాయా అని చూడాలి. పైనున్న తెలివైన స్విచ్చిని ‘ఈ తీగలో సంకేతం ఉన్నదా?’ అని అడగాలి. ఈ మూడు సాక్ష్యాలు కలిపితే మూగ పెట్టె బతికున్నదో, చచ్చిందో, ఎందువల్ల చచ్చిందో చాలావరకు తేలిపోతుంది. నెట్-ఎస్.ఎన్.ఎం.పి. అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. ఇంకొకరి తరఫున మాట్లాడే ఏర్పాటు, మనం రాసిన చిన్న ప్రోగ్రాము జవాబును ప్రామాణిక భాషలో వినిపించే ఏర్పాటు రెండూ అందులో ఉన్నాయి.

మనకు కొత్త కాదు

ఇది విదేశాల వింత అనుకోనక్కరలేదు. వికారాబాద్, తాండూరు రెండూ 1874లో నడక మొదలుపెట్టిన సికిందరాబాదు–వాడి రైలు మార్గం మీది స్టేషన్లు. పాత రోజుల్లో ఆ పట్టాలమీద పోయే గూడ్సు బండికి నోరు లేదు. అది ఎక్కడున్నదో కంట్రోలు ఆఫీసుకు దానంతట అది చెప్పలేదు. దారిలో ప్రతి స్టేషన్ మాస్టరూ ఫోనెత్తి, ఫలానా బండి మా స్టేషను ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు దాటింది అని చెప్పేవాడు. కంట్రోలరు ఆ కబుర్లను బట్టి చార్టుమీద గీత గీసుకుంటూ పోయేవాడు. బండిని చూడకుండానే బండిని నడిపించేవాడు. స్టేషన్ మాస్టర్లే ప్రాక్సీ ఏజెంట్లు! ఇందులో ఒక విశేషం ఉంది. వాళ్ళు ‘దాటింది’ అని ఊరుకోలేదు. ఎప్పుడు దాటిందో కూడా చెప్పారు. ఈ ‘ఎప్పుడు’ అన్నదాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రెండో ఉదాహరణ మా బోరు బాయి కాడిది. పాత రోజుల్లో కరెంటు దఫదఫాలుగా వచ్చేది. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం చేనుకాడ పడుకోలేక రైతులు ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే మోటరు తనంత తానే లేస్తుంది. రైతు తరఫున పనిచేసింది నిజమే. కానీ ఎవరినీ అడగదు, ఎవరికీ చెప్పదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే దానిమీద పడే బరువు ఎంతో ఫిజిక్సు చదివినవారికి తెలుసు. అవసరం ఉన్నా లేకున్నా నీళ్ళు పారుతూనే ఉండేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసివేయమని రైతులను కోరింది.

తరువాత సిమ్ కార్డు ఉన్న మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. ఇవి వేరే జాతి. మోటరు ఇప్పుడూ మూగదే. కానీ పక్కనున్న డబ్బా మోటరు గుంజుతున్న కరెంటును కొలిచి, మూడు ఫేజులు ఉన్నాయా లేవా అని చూసి, నీళ్ళు లేక ఉత్తగా తిరుగుతున్నదా అని పసిగట్టి, రైతు ఫోనుకు కబురు చెబుతుంది. నమోదు చేసిన నంబరునుంచి ఫోను చేస్తేనే మాట వింటుంది. మోటరును మార్చలేదు, బోరును మార్చలేదు. పక్కన ఒక నోరు పెట్టారు, అంతే. చెప్పకుండా చేసేదానికీ, చెప్పి చేసేదానికీ ఉన్న తేడా రైతు తన చేనుకాడనే చూసిండు. ఇదే సంగతిని హబ్బుకు వర్తింపజేయడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు.

పల్లెకు వచ్చిన దీపపు తీగ

ఇక మన పల్లెల సంగతికి వద్దాం. దేశంలోని రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ వేయాలన్న పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. దాన్నే ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నాం. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపుల వెంట ఫైబరు గొట్టాలు కూడా పరచి టి-ఫైబర్‌కు దారి వేశారు. నీళ్ళూ, నెట్టూ ఒకే కందకంలో రావడం మంచి ఆలోచనే.

భారత్‌నెట్ తొలిదశలో వాడిన జీపాన్ పద్ధతిలో ఒక చివర ఎక్స్‌చేంజిలో ఓ.ఎల్.టి. అనే పెద్ద పెట్టె ఉంటుంది. అక్కడినుంచి ఒక్క తీగ బయలుదేరి దారిలో చీలికలై ఒక్కొక్క పంచాయతీలోని ఓ.ఎన్.టి. అనే చిన్న పెట్టెకు చేరుతుంది. ఈ చిన్న పెట్టెలను మేనేజరు సాధారణంగా నేరుగా పలకరించడు. ఓ.ఎల్.టి. వాటితో ఓ.ఎం.సి.ఐ. అనే వేరే భాషలో మాట్లాడి, వాటి క్షేమ సమాచారాన్ని పైవాళ్ళకు ఎస్.ఎన్.ఎం.పి. వంటి అందరికీ తెలిసిన భాషలో వినిపించగలదు. అంటే ప్రాక్సీ ఏజెంటు తరహా ఏర్పాటు మన మండల కేంద్రాల దాకా వచ్చేసిందన్నమాట.

ఈ చిన్న పెట్టెలలో చాలావాటికి నాకెంతో నచ్చిన గుణం ఒకటి ఉంది. కరెంటు పోయిన క్షణంలో, లోపల కెపాసిటరులో మిగిలిన కొద్దిపాటి ఛార్జితో అది ఒక ఆఖరి సందేశం పంపి ఆరిపోతుంది. ఇంజనీర్లు దాన్ని కొనఊపిరి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కొనఊపిరి సందేశం వచ్చి ఆగిపోతే పోయింది కరెంటు. ఏ సందేశమూ లేకుండా ఠక్కున ఆగిపోతే బహుశా తీగే తెగింది, రోడ్డు పని జేసీబీ ఎక్కడో తగిలి ఉంటుంది. ఒకదానికి లైన్‌మన్‌ను పిలవాలి, రెండోదానికి ఫైబరు అతికేవాణ్ణి పిలవాలి. కిటికీ దగ్గర నిలబడ్డ మా నాయినకు కావలసిన జవాబు సరిగ్గా ఇదే! ‘నెట్ లేదు’ అని కాదు, ‘పొద్దున 9 గంటలకు తీగ తెగింది, మనిషి బయలుదేరిండు, రేపు రాకు, ఎల్లుండి రా’ అని.

విషాదమేమిటంటే, ఆ సమాచారం యంత్రంలో పుట్టినా మనిషిదాకా రాదు. ఎక్కడో కంట్రోలు గదిలో తెరమీద ఎర్ర చుక్కగా మిగిలిపోతుంది. పంచాయతీ పెట్టె తరువాత బడికి, ఆసుపత్రికి, ఆఫీసుకు పంచే చౌక స్విచ్చీల దగ్గరైతే ఆ చుక్క కూడా పుట్టదు. ఎందుకంటే అక్కడ ఏజెంటే లేదు.

నేను కోరే మూడు షరతులు

ప్రాక్సీలు పెట్టాలని అనడంతో నా వాదన ముగియదు. ఎటువంటి ప్రాక్సీలు అన్నదే అసలు ప్రశ్న. ఏజెంటు అనే మాటకు పల్లెల్లో అంత మంచి పేరు లేదు.

మొదటి షరతు: ఏజెంటు భాష అందరిదీ కావాలి. పశువుల సంతలో దళారీలు తువ్వాల కింద వేళ్ళు పట్టుకొని బేరం చేస్తారు. ఎద్దు యజమాని పక్కనే నిలబడి ఉన్నా తన ఎద్దు ధర తనకు తెలియదు. ఒక కంపెనీ తన పెట్టెలకు తన సొంత సాఫ్ట్‌వేరుతో మాత్రమే మాట్లాడే ఏజెంటును అమ్మితే అది తువ్వాల కింది బేరమే. రేపు ఆ కంపెనీ ధర పెంచినా, దుకాణం మూసినా మనం మళ్ళీ మూగవాళ్ళమే. కనుక ప్రభుత్వ సొమ్ముతో కొనే ప్రతి పెట్టె టెండరులోనూ ఒక వాక్యం ఉండి తీరాలి: ఇది ప్రామాణిక భాషలో జవాబు చెప్పాలి, దాని పట్టిక బహిరంగంగా ఇవ్వాలి.

రెండవ షరతు: ఏజెంటు తన మాట ఎప్పటి మాటో చెప్పాలి. స్టేషన్ మాస్టర్ల దగ్గర వదిలిన ‘ఎప్పుడు’ ఇదే. మూగ పెట్టె 10 గంటలకు చచ్చింది అనుకుందాం. ఏజెంటు దాన్ని చివరిసారి పలకరించింది 9 గంటల 55 నిమిషాలకు. 11 గంటలకు మేనేజరు అడిగినప్పుడు తన దగ్గర దాచుకున్న పాత జవాబునే ‘బాగుంది’ అని వినిపిస్తే, అది చచ్చినవాడికి ‘ప్రజెంట్ సార్’ చెప్పడమే! హాజరు పట్టికలో అది మనకు నవ్వులాట. నెట్‌వర్కులో అది మూగతనం కన్న ప్రమాదం. మూగ పెట్టెను కనీసం అనుమానిస్తాం, అబద్ధపు ఏజెంటును నమ్ముతాం. అందుచేత ప్రతి జవాబుతో పాటు చూసిన వేళ రావాలి. తెలియనప్పుడు ‘తెలియదు’ అనే జవాబు రావాలి. ‘తెలియదు’ అని చెప్పగలిగిన యంత్రమే నమ్మదగిన యంత్రం.

మూడవ షరతు: ఏజెంటుకు అవసరమైనంత అధికారమే ఇవ్వాలి. ఎస్.ఎన్.ఎం.పి. తొలి రెండు కూర్పులలో సంకేతపదం తెరిచిన పోస్టుకార్డులాగా తీగమీద బహిరంగంగా పోతుంది. చాలా పెట్టెలలో చదవడానికి ‘పబ్లిక్’, మార్చడానికి ‘ప్రైవేట్’ అనే మాటలే కంపెనీవాళ్ళు పెట్టి పంపేవారు, కొన్నవాళ్ళు మార్చకుండా వదిలేసేవారు. ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. అడిగినవాడు ఎవరో రుజువు చేసుకొని, మాటను రహస్యలిపిలో పంపే ఏర్పాటు మూడవ కూర్పులో ఉంది. ప్రాక్సీ దగ్గర ఒక్క పెట్టె తాళం కాదు, పది పెట్టెల తాళాలు ఉంటాయి. కనుక చూసే హక్కు విరివిగా ఇవ్వండి, మార్చే హక్కు పిసినారితనంగా ఇవ్వండి.

కొన్ని ఆక్షేపణలు

పాత పెట్టెలు పారేసి, మాట్లాడేవే కొనవచ్చు కదా అంటారు కొందరు. డబ్బున్నచోట కొనవచ్చు. కానీ పనిచేస్తున్న వస్తువును మాట్లాడలేదన్న నేరానికి పారేయడం రైతు ఇంట్లో పుట్టినవాడికి మింగుడుపడదు. అదీగాక, అన్ని పెట్టెలూ ఒక్కరోజు మారవు. కొత్తవి సగం, పాతవి సగం ఉన్న కాలమే ఎప్పుడూ నడుస్తుంది. ఆ సగం కాలానికి వారధి ప్రాక్సీయే.

ఏజెంటే చస్తే దాని వెనక ఉన్నవన్నీ ఒక్కసారి మూగవైపోవా అని ఇంకొక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకే మేనేజరు మొదట ఏజెంటు నాడి చూడాలి, తరువాతే దాని మాట వినాలి. ఏజెంటు పలకనప్పుడు ‘పది పెట్టెలు చచ్చాయి’ అని గోల చేయకుండా, ‘సాక్షి పలకడం లేదు, పది పెట్టెల సంగతి తెలియదు’ అని రాసుకోవాలి. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఎస్.ఎన్.ఎం.పి. పాతబడింది, 2006లో నెట్‌కాన్ఫ్, 2010లో యాంగ్ వచ్చాయి, ఇంకా పాత పాట ఎందుకు అనేవారూ ఉన్నారు. నిజమే. అయితే వాళ్ళ మాట నా వాదననే బలపరుస్తున్నది. ప్రామిథియస్ వంటి నేటి పరిశీలన సాఫ్ట్‌వేర్లకు ఎస్.ఎన్.ఎం.పి. నేరుగా రాదు. మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాము పెట్టి తర్జుమా చేయిస్తున్నారు. అంటే నిన్న నోరున్నది నేడు మూగదయింది, దానికీ ఒక ప్రాక్సీ అవసరమైంది. నేటి ప్రామాణిక భాష రేపటి మాండలికం అవుతుంది. భాషలు మారుతుంటాయి, నిజాయితీగల దుబాసీ అవసరం మారదు.

మనం చేయగలిగింది

ఆఖరుగా, విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ కొన్ని సూచనలు చేసి విరమిస్తాను. ఉపన్యాసాలతో పెట్టెలు మాట్లాడవు.

ఒకటి: మన కళాశాలలో గోడలకు వేలాడే హబ్బులు, స్విచ్చీలు ఎన్ని, ఎక్కడెక్కడ, నోరున్నవి ఎన్ని, లేనివి ఎన్ని? ఈ జాబితా వచ్చే సంవత్సరం సైన్సు విద్యార్థులు తయారు చేయాలి. లెక్క తెలియనిదాన్ని బాగుచేయలేం.

రెండు: ప్రయోగశాలలో మూలపడ్డ పాత కంప్యూటరు ఒకటి తీసుకొని ఒక అంతస్తుకు ప్రాక్సీ ఏజెంటు నిలబెట్టాలి. ఫిజిక్సు వాళ్ళు కరెంటు సెన్సారు కట్టవచ్చు, గణితం వాళ్ళు లెక్కలు చూడవచ్చు, కంప్యూటరు వాళ్ళు ప్రోగ్రాము రాయవచ్చు. ప్రాజెక్టు పేరుతో బజారులో రెడీమేడు రికార్డు కొనుక్కునే అవమానం కూడా తప్పుతుంది.

మూడు: ఆ ఏజెంటు చెప్పినదాన్ని కంట్రోలు గదిలో దాచకుండా నోటీసు బోర్డుమీద పెట్టాలి. నెట్ ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, ఎవరికి కబురు వెళ్ళింది. మూడు గీతలు చాలు.

నాలుగు: మనలో చాలామంది ధారూర్, పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ వంటి మండలాలనుంచి వచ్చినవాళ్ళం. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పంచాయతీ గోడమీది పెట్టె ముందు ఒక నిమిషం నిలబడి చూడండి. దానికి నోరున్నదో లేదో సర్పంచును అడగండి. ఆయనకు తెలియకపోతే గ్రామ సభలో అడగండి. రోడ్డు గుంతను అడిగే హక్కు ఉన్నట్టే, ఆరిపోయిన దీపపు తీగ సంగతి అడిగే హక్కు కూడా మనకు ఉంది.

మన తాత తండ్రుల తరఫున మాట్లాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. పట్వారీ మాట్లాడిండు, దళారీ మాట్లాడిండు. వాళ్ళు చెప్పింది నిజమో కాదో సరిచూసుకునే సాధనం మాత్రం ఆ తరానికి లేకపోయింది. ఇప్పుడు మన తరఫున యంత్రాలు మాట్లాడే కాలం వచ్చింది. వాటి మాటను సరిచూసే చదువు మన చేతిలో ఉంది. దాన్ని వాడకుండా ఊరుకుంటే మూగవాళ్ళం మనమే అవుతాం.